15 రోజుల్లో కుక్కని పంపించేయాలని నోటీసు – మా కాటుకని ఎలా కాపాడుకోవాలి?

సైనిక్‌పురి_సుధ
సోమవారం, 15 సెప్టెంబర్ 2025

మాది సైనిక్‌పురి దగ్గర ఐదంతస్తుల అపార్ట్‌మెంట్, ఇరవై ఫ్లాట్లు. మా కాటుక రాట్‌వైలర్, ఆరేళ్ళ ఆడకుక్క. కళ్ళు తెరిచిన కొత్తలోనే మా ఇంటికి వచ్చింది. నిన్న అసోసియేషన్ వాళ్ళు మా తలుపుకి నోటీసు అంటించారు. "నిషేధిత జాతికి చెందిన ప్రమాదకరమైన కుక్క" అని రాసి, 15 రోజుల్లో పంపించేయమన్నారు. పంపకపోతే మా ఫ్లాట్‌కి నీళ్ళు ఆపుతారట.

జరిగింది దాచకుండా చెబుతాను. ఈ నెల 6, నిమజ్జనం రోజు సాయంత్రం. కింద ఊరేగింపు, డప్పులు, టపాసులు. మా అత్తయ్యకి రెండేళ్ళ కిందట పక్షవాతం వచ్చింది. వీల్‌చెయిర్‌లో కారిడార్ చివరి దాకా తీసుకెళ్ళి వినాయకుణ్ణి చూపిద్దామని తలుపు తీశాం. కాటుక ఆమె వెనకే వచ్చి కుర్చీ పక్కన పడుకుంది. గొలుసు వేయలేదు. అది మా తప్పు. మా అంతస్తులోనే ఉండే ఎనిమిదేళ్ళ పాప పరిగెత్తుకుంటూ వచ్చి, కాలు జారి దాని నడుం మీద పడింది. కాటుక గిర్రున తిరిగి మోచేతి కింద కరిచి వదిలేసింది. రెండు పళ్ళు దిగాయి.

మావారు పాప చెయ్యి కుళాయి కింద పెట్టి సబ్బుతో పావుగంట కడిగారు. వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్ళాం. టీకా, గాయం చుట్టూ వేసే ఇమ్యునోగ్లోబ్యులిన్, రెండూ ఇచ్చారు. ఖర్చు మేమే పెట్టుకున్నాం, అది గొప్పగా చెప్పుకునే విషయం కాదు.

ఆరేళ్ళలో ఇదే మొదటిసారి. అత్తయ్యకి మాట సరిగా రాదు. రాత్రి ఆమె మంచం మీద ఇబ్బంది పడుతుంటే కాటుకే వచ్చి మా గది తలుపు గీరుతుంది. నోటీసు సంగతి ఆమెకి ఇంకా చెప్పలేదు. 28న జనరల్ బాడీ మీటింగ్. అంతా టెన్షన్‌గా ఉంది. ఏం చేయగలమో తెలిసినవాళ్ళు చెప్పండి.

గోంగూర_పచ్చడి
పాప ఇప్పుడెలా ఉంది? ముందు అది చెప్పండి.

సైనిక్‌పురి_సుధ
గాయం మానుతోంది. మూడు డోసులు అయ్యాయి, 20న నాలుగోది. కానీ కారిడార్‌లోకి ఒంటరిగా రావడం లేదు. లిఫ్ట్ దగ్గర వాళ్ళమ్మ కొంగు పట్టుకుని నిలబడుతోంది. అది చూసినప్పుడు నాకు నోట మాట రాదు.

కాప్రా_కుర్రాడు
కుక్కని చంపాలంటే ముందు పిచ్చిదని ముద్ర వెయ్యమన్నట్టుంది మీవాళ్ళ పద్ధతి. నిమజ్జనం రోజు ఆ చప్పుళ్ళకి మనుషులకే తల పగిలిపోతుంది. మీద పడితే ఏ కుక్కైనా కరుస్తుంది. తగ్గకండి అక్కా.

ఇద్దరు_పిల్లల_తల్లి
కాప్రా కుర్రాడు గారూ, "ఏ కుక్కైనా కరుస్తుంది" అన్నారు. నిజమే. కానీ పమేరియన్ కరవడం, యాభై కిలోల రాట్‌వైలర్ కరవడం ఒకటేనా? ఆ పాప చెయ్యి బదులు మెడ అందుంటే?

సుధ గారూ, మీరు బాధలో ఉన్నారు, కఠినంగా మాట్లాడాలని లేదు. కానీ పిల్లలు పరిగెత్తేది కారిడార్లోనే. అక్కడ గొలుసు లేకుండా కుక్కని పడుకోబెట్టి, తర్వాత "మీద పడింది కాబట్టి కరిచింది" అంటే తల్లిగా నాకు మింగుడుపడదు. మా చిన్నోడిని మూడేళ్ళ కిందట పక్కింటి కుక్క తొడ మీద కరిచింది. ఆ ఇంటివాళ్ళు "మావాడు ఎవరినీ ఏమీ అనడండీ, మీవాడే ఏదో చేసుంటాడు" అన్నారు. కాటు కంటే ఆ మాటే ఇప్పటికీ మంట పెడుతుంది.

సైనిక్‌పురి_సుధ
మీరన్నది కాదనలేను. పాప తప్పేమీ లేదు. నా వాక్యం అలా ధ్వనిస్తే అది నేను రాయడంలో లోపం.

నల్లకోటు_నాంపల్లి
వృత్తిరీత్యా అడ్వకేట్‌ని. కాస్త పొడవుగా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

"నిషేధిత జాతి" అని వాళ్ళు రాసింది ఎక్కణ్ణుంచి వచ్చిందంటే, 2024 మార్చి 12న కేంద్ర పశుసంవర్ధక శాఖ రాష్ట్రాలకు ఒక లేఖ పంపింది. పిట్‌బుల్, రాట్‌వైలర్ లాంటి 23 రకాల కుక్కల దిగుమతి, పెంపకం, అమ్మకం ఆపాలని, లైసెన్సులు ఇవ్వొద్దని అందులో ఉంది. అప్పటికే ఇళ్ళలో ఉన్నవాటికి మాత్రం పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించమంది. ఇంట్లోంచి తరిమేయమని ఆ లేఖ కూడా చెప్పలేదు. దీన్ని మీ సెక్రటరీకి చదివి వినిపించండి.

పైగా 2024 ఏప్రిల్ 10న కర్ణాటక హైకోర్టు ఆ లేఖని కొట్టేసింది. కుక్కలు పెంచుకునేవాళ్ళ మాట, సంస్థల మాట వినకుండానే నిర్ణయం తీసుకున్నారని చెప్పింది. కావాలంటే అందరినీ పిలిచి, పద్ధతి ప్రకారం మళ్ళీ చేసుకోమంది. ఆ తీర్పు తెలంగాణలో ఎంతవరకు పనికొస్తుందనేది కోర్టులో వాదించుకోవాల్సిన విషయం, నేను తేలిక చేసి చెప్పను. ఆ జాబితా చూసినా ఆశ్చర్యం వేస్తుంది. తోసా ఇను, జపనీస్ తోసా అని ఒకే జాతిని రెండుసార్లు రాశారు. టెర్రియర్లు అని మొత్తం గుంపునంతా ఒక్క మాటలో చేర్చారు. ఆ మాట ప్రకారం చూస్తే ఒళ్ళో కూర్చునే యార్క్‌షైర్ టెర్రియర్ కూడా అందులోకి వస్తుంది.

ఇక అసోసియేషన్ సంగతి. జంతు సంక్షేమ బోర్డు 2015 ఫిబ్రవరిలో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం పెంపుడు కుక్కని ఉంచుకోవద్దని అసోసియేషన్ ఆదేశించడానికి వీల్లేదు, మెజారిటీతో తీర్మానం చేసినా సరే. కుక్క సైజు చూసి తేడా చూపకూడదు, లిఫ్ట్ వాడొద్దనకూడదు. నీళ్ళు ఆపే హక్కయితే అసలే లేదు. ఆపితే ఆ రోజే ఫిర్యాదు చేయండి.

ఇప్పుడు మీకు నచ్చని భాగం. భారతీయ న్యాయ సంహిత 291 ప్రకారం, తన దగ్గరున్న జంతువు వల్ల ఇతరులకు ప్రమాదం రాకుండా చూసుకోనివాళ్ళకి ఆరు నెలల దాకా జైలు, ఐదు వేల దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. పాప తల్లిదండ్రులు కేసు పెడితే గొలుసు లేదన్న ఒక్క విషయం చాలు. కాబట్టి హక్కుల గురించి గొంతెత్తే ముందు మీ కాగితాలు సరిచూసుకోండి. టీకా సర్టిఫికెట్, ఆపరేషన్ కాగితం, జీహెచ్‌ఎంసీ లైసెన్సు ఉన్నాయా?

సైనిక్‌పురి_సుధ
రేబిస్ టీకా ప్రతి ఏడూ వేయిస్తాం, మొన్న మార్చిలో వేయించాం. ఆపరేషన్ 2022లోనే అయింది. లైసెన్సు పోయినేడు రెన్యువల్ చేయలేదు. అత్తయ్య ఆస్పత్రి తిరుగుళ్ళలో పడి మర్చిపోయాం.

నల్లకోటు_నాంపల్లి
రేపే చేయండి. మీటింగ్‌లో మొదటి ప్రశ్న అదే వస్తుంది.

బెజవాడ_సెక్రటరీ
నేను ఏడేళ్ళుగా మా అసోసియేషన్ సెక్రటరీని. అందరూ సెక్రటరీని విలన్ చేసి మాట్లాడుతున్నారు కాబట్టి ఈ వైపు కూడా వినండి. కుక్క కరిచిన రాత్రి పదిమంది నా తలుపు కొడతారు. రేపు ఇంకో పిల్లాడిని కరిస్తే "తెలిసీ ఏం చేశారు?" అని అడిగేది నన్నే. 2022లో లక్నోలో పెంచుకున్న పిట్‌బుల్ ఇంట్లో పెద్దావిడనే చంపేసింది. 2024 మేలో చెన్నై నుంగంబాక్కం పార్కులో రెండు రాట్‌వైలర్లు ఐదేళ్ళ పాపని కరిచాయి. ఇవన్నీ మా వాట్సాప్ గ్రూపులో వెంటనే వచ్చి పడతాయి. నోటీసులో నీళ్ళు ఆపుతామని రాయడం తప్పే, అలా రాయకూడదు. కానీ ఆ నోటీసు వెనకున్నది ద్వేషం కాదమ్మా, భయం. ఆ భయం పోయే మార్గం మీరే చూపించాలి. లాయర్ నోటీసుతో మొదలుపెడితే పదిహేను మంది పది నిమిషాల్లో ఒక్కటైపోతారు.

కాప్రా_కుర్రాడు
సెక్రటరీ గారు చెప్పింది నాకూ సబబుగానే ఉంది. నా మొదటి పోస్టు ఆవేశంలో రాశాను.

కర్నూలు_పశువైద్యుడు
రెండు విషయాలు.

ఒకటి, 6వ తేదీన కరిచింది అన్నారు కాబట్టి రేపటికి పది రోజులు. కరిచిన కుక్కని పది రోజులు కనిపెట్టి ఉండటం నియమం. ఆ పది రోజులూ ఆరోగ్యంగా ఉంటే, కరిచిన నాటికి దాని చొంగలో రేబిస్ లేదని అర్థం. మీ డాక్టర్ దగ్గర రాయించుకుని ఆ కాగితం పాప తల్లిదండ్రులకి ఇవ్వండి. మిగతా డోసుల సంగతి మాత్రం పాపని చూసే డాక్టరే చెప్పాలి, మీరు నోరెత్తొద్దు.

రెండోది ముఖ్యం. ఆరేళ్ళు ఏమీ అనని కుక్క నడుం మీద బరువు పడగానే కరిచిందంటే నాకు మొదట వచ్చే అనుమానం నొప్పి. రాట్‌వైలర్లలో తుంటి కీలు సరిగా కుదరకపోవడం చాలా మామూలు. లేచేటప్పుడు కుంటుతుందా? మెట్లు ఎక్కడానికి వెనకాడుతుందా? ఎక్స్‌రే తీయించండి.

ఇంకో మాట కూడా చెప్పాలి. మన దగ్గర "మొరిగే కుక్క కరవదు" అంటారు. ఆ మాట నమ్మి కరిపించుకున్నవాళ్ళు వారానికొకరు నా క్లినిక్‌కి వస్తారు. కుక్క కరిచే ముందు చాలాసార్లు చెబుతుంది. ఊరికే పెదాలు నాక్కుంటుంది. తల పక్కకి తిప్పేసుకుంటుంది. కంటి తెల్లగుడ్డు కనిపించేలా ఓరగా చూస్తుంది. ఒళ్ళు బిగించి కదలకుండా ఉండిపోతుంది. ఆ తర్వాత గుర్రుమంటుంది. గుర్రుమన్నందుకు కొట్టారనుకోండి, తర్వాతి సారి ఆ మెట్టు వదిలేసి నేరుగా కరుస్తుంది. మీ ఇంట్లో ఎవరైనా గుర్రుమంటే కొట్టారా?

సైనిక్‌పురి_సుధ
డాక్టర్ గారూ, మీ ప్రశ్న చదివి మా అబ్బాయి తల దించుకున్నాడు. ఆగస్టులో వాడు స్నానం చేయిస్తుంటే వెనక కాళ్ళ దగ్గర చెయ్యి వేయగానే గుర్రుమందట. వాడు చెవి మెలిపెట్టి కసిరాడు. నాకు ఇప్పుడే చెప్పాడు. మెట్లు ఎక్కడం కూడా రెండు మూడు నెలలుగా తగ్గించింది. బద్ధకం అనుకున్నాం.

బెల్‌ఫాస్ట్_బాబాయ్
పదకొండేళ్ళుగా బెల్‌ఫాస్ట్‌లో ఉంటున్నాను. ఈ పోస్టు చదవగానే నాకు ఇక్కడి లెనాక్స్ గుర్తొచ్చాడు. నేను రాకముందు సంగతే, కానీ కుక్క పెంచుకునేవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు.

2010 మే 19న నగర కౌన్సిల్ వాళ్ళు ఒక ఇంటికి వెళ్ళారు. ఆ ఇంట్లో లెనాక్స్ అనే కుక్క ఉంది. కొలతలు, రూపం చూసి పిట్‌బుల్ రకం అన్నారు, పట్టుకెళ్ళారు. ఎవరినైనా కరిచిందన్న ఫిర్యాదు లేదు. ఇక్కడి 1991 నాటి చట్టాల ప్రకారం మీ కుక్క ఆ రకం కాదని మీరే రుజువు చేసుకోవాలి. ఆ కుటుంబం రెండేళ్ళకు పైగా పోరాడింది. కింది కోర్టు, పై కోర్టు, అప్పీలు కోర్టు. కుక్కని పరీక్షించిన నిపుణులు కోర్టులో చెరో మాట చెప్పారు. రెండు లక్షల మంది సంతకాలు పెట్టారు. బాక్సర్ లెనాక్స్ లూయిస్ కూడా దాని తరఫున మాట్లాడాడు. వేరే దేశానికి పంపేస్తే మేం చూసుకుంటామని ముందుకొచ్చినవాళ్ళున్నారు. ఏదీ పని చేయలేదు. 2012 జులై 11న ఇంజెక్షన్ ఇచ్చి చంపేశారు. చివరిసారి చూడనివ్వమని అడిగితే ఒప్పుకోలేదని ఆ కుటుంబం చెప్పింది.

ఆ రెండేళ్ళూ అది బోనులోనే ఉంది. నాకు చావు కంటే ఎక్కువగా గుచ్చుకునేది అది.

సుధమ్మా, మీ కేసులో మీకున్న గొప్ప అదృష్టం ఒకటే. కుక్క ఇంకా మీ ఇంట్లో ఉంది. దాన్ని "కొన్ని రోజులు" అని ఎక్కడికీ పంపకండి.

ఇద్దరు_పిల్లల_తల్లి
బాబాయ్ గారూ, చదివి నాకూ మనసు బాగోలేదు. అయినా ఒక తేడా ఉంది కదా. లెనాక్స్ ఎవరినీ కరవలేదు. కాటుక కరిచింది.

బెల్‌ఫాస్ట్_బాబాయ్
ఒప్పుకుంటాను. అందుకే ఇంకో సంగతీ చెబుతాను. ఇంగ్లండ్, వేల్స్‌లో ఎక్స్‌ఎల్ బుల్లీ కుక్కల మీద 2023 చివర నిషేధం వచ్చింది. కానీ ఉన్నవాటిని చంపేయమనలేదు. 2024 జనవరి ఆఖరులోగా 92 పౌండ్ల 40 పెన్నీలు కట్టి మినహాయింపు పత్రం తీసుకోమన్నారు. ఆపరేషన్, మైక్రోచిప్, ఇతరులకు నష్టం జరిగితే కట్టే ఇన్సూరెన్స్ ఉండాలి. బయటికొస్తే గొలుసు, మజిల్ (కరవకుండా మూతికి పెట్టే తొడుగు) తప్పనిసరి. జాతిని బట్టి చట్టం చేయడం నాకిష్టం లేదు. కానీ "ఉంచుకో, ఇలా ఉంచుకో" అన్న మాటలో న్యాయం ఉంది. మీ అసోసియేషన్ ముందు మీరు పెట్టాల్సింది అలాంటి జాబితానే.

డెన్వర్_చలి
అమెరికాలో మా డెన్వర్‌లో 1989 నుంచి పిట్‌బుల్స్ మీద నిషేధం ఉండేది. 2020 నవంబర్‌లో ఓటు పెడితే జనం ఎత్తేశారు. ఇప్పుడు పర్మిట్ తీసుకుని పెంచుకోవచ్చు. ముప్పై ఏళ్ళు పట్టింది.

భీమిలి_అల
చాలా రోజులుగా ఎవరికీ చెప్పనిది ఇక్కడ రాస్తున్నాను.

మాదీ రాట్‌వైలరే, మగది, పేరు రాజు. నాలుగేళ్ళ కిందట లిఫ్ట్‌లో ఒక డెలివరీ అబ్బాయి మీదికి ఉరికింది, ప్యాంటు చిరిగింది. చర్మానికి తగల్లేదు. ఆ రోజు నుంచి మా వాట్సాప్ గ్రూపులో దాని పేరు పోయింది, "ఆ డేంజర్ కుక్క" అయింది. మా ఆయన పేరు కూడా పోయింది, "డేంజర్ కుక్క వాళ్ళు" అయ్యాం. రెండు నెలలకి ఓపిక అయిపోయింది. ఊరి బయట ఫామ్‌హౌస్ ఉన్న ఒకాయన తీసుకుంటానంటే ఇచ్చేశాం. "విశాలమైన చోటు, హాయిగా ఉంటుంది" అని మాకు మేమే చెప్పుకున్నాం. కారు వెనక్కి తిప్పుతుంటే గేటు దగ్గర కూర్చుని చూసింది. మొరగలేదు.

రెండు నెలలకి చూడ్డానికి వెళ్ళాం. లేదు. "ఎవరో అడిగితే ఇచ్చాం" అన్నాడు. ఎవరికని అడిగితే సరైన జవాబు లేదు. ఊళ్ళు తిరిగాం, ఫోటోలు పంచాం. దొరకలేదు.

అది గొడవ పడి మమ్మల్ని వదిలి పోలేదు, మేమే వదిలేశాం. సుధ గారూ, తెలియని చేతుల్లో మాత్రం పెట్టకండి.

గోంగూర_పచ్చడి
అల గారూ... ఏం రాయాలో తెలియట్లేదు. రాసినందుకు థాంక్స్.

సుబేదార్_సాబ్
సైన్యంలో కుక్కల విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. మీరట్‌లో శిక్షణ. ఇప్పుడు యాప్రాల్‌లో ఉంటాను, మీకు దగ్గరే.

రాట్‌వైలర్ జర్మనీలో రాట్‌వైల్ ఊరి కసాయివాళ్ళ కుక్క. పశువుల మందని తోలడానికి, బండి లాగడానికి పెంచారు. బలం ఎక్కువ, యజమాని మీద ధ్యాస ఎక్కువ. పని లేకుండా ఫ్లాట్‌లో కూర్చోబెడితే చెడుతుంది. రోజూ ఉదయం, సాయంత్రం పని చెప్పండి. కూర్చో, ఆగు, వదిలెయ్, నా దగ్గరికి రా. ఈ నాలుగూ ఎంత గోలలో చెప్పినా వినాలి.

మజిల్ కొనండి. గుడ్డది వద్దు. అది మూతిని బిగించేస్తుంది, కుక్క వగర్చలేక వేడెక్కిపోతుంది. బుట్ట లాంటిది తీసుకోండి. నోరు తెరవగలగాలి, నీళ్ళు తాగగలగాలి. మొదటి రోజే కట్టేయకూడదు. బుట్టలో కాస్త పెరుగన్నం పెట్టి మూతి తనే లోపల పెట్టేలా చేయండి. మూడు రోజులు అంతే. నాలుగో రోజు పట్టీ పెట్టి క్షణంలో తీసేయండి. వారానికి అదే వచ్చి మూతి పెడుతుంది.

కాప్రా_కుర్రాడు
మజిల్ పెడితే "చూశారా, ప్రమాదమని వాళ్ళే ఒప్పుకున్నారు" అనరా?

సుబేదార్_సాబ్
మాది సిద్దిపేట వైపు పల్లె. కల్లంలో నూర్పిడప్పుడు ఎద్దు మూతికి చిక్కం కట్టేవాళ్ళం. ఎద్దు దొంగదని కట్టామా? గింజలు దాని ముందే ఉంటాయి కాబట్టి కట్టాం. ఇదీ అంతే.

రామప్ప_రాయి
చిక్కం అన్న మాట విని ఎన్నేళ్ళయిందో! మా తాత తాటినారతో అల్లేవాడు.

ఓరుగల్లు_వీధి
ఇంటి కుక్కల గొడవలో వీధి కుక్క గురించి అడుగుతున్నందుకు ఏమనుకోకండి. ఆగస్టు 22న సుప్రీంకోర్టు, ఆపరేషన్ చేసి టీకా వేసిన వీధి కుక్కల్ని పట్టిన చోటే వదలాలని చెప్పింది కదా, రేబిస్ ఉన్నవి, దూకుడుగా ఉండేవి తప్ప. మా వీధిలో నల్లదాన్ని ఇప్పుడు అందరూ "దూకుడు కుక్క" అంటున్నారు. బైకుల వెంట పడుతుంది, కరిచింది లేదు. ఆ దూకుడు ఎవరు తేలుస్తారు?

నల్లకోటు_నాంపల్లి
అసలు ప్రశ్న అదేనండీ. ముద్ర వేయడానికి ఒక్క మాట చాలు, తీయించుకోవడానికి కాగితాలు కావాలి. మీ కుక్క టీకా, ఆపరేషన్ వివరాలు, వీధివాళ్ళ సంతకాలు ఇప్పుడే సిద్ధం చేసుకోండి. వేరే చర్చ మొదలుపెట్టండి, అక్కడ వివరంగా రాస్తాను.

సైనిక్‌పురి_సుధ
శుక్రవారం, 19 సెప్టెంబర్

ఎక్స్‌రే అయింది. రెండు తుంట్లూ అరిగాయి, ఎడమది బాగా. డాక్టర్ గారు తెర మీద చూపించి "ఇది చాలా నెలలుగా నొప్పి పడుతోంది" అన్నారు. బరువు 51 కిలోలు ఉంది, పదో వంతైనా తగ్గించాలన్నారు. నొప్పికి మందులు మొదలయ్యాయి. మా అబ్బాయి రాత్రంతా దాని పక్కన నేల మీదే పడుకున్నాడు.

పది రోజుల సర్టిఫికెట్ తీసుకుని నిన్న పాప ఇంటికి వెళ్ళాం. కాటుక గురించి మేం ఏమీ అడగలేదు. "మా తప్పే, గొలుసు వేయాల్సింది" అని మాత్రం చెప్పాం. వాళ్ళమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "పన్నెండు రోజుల్లో ఈ మాట మీ నోటి నుంచి ఇప్పుడే విన్నాను" అంది. నిజమే. ఆస్పత్రి, డబ్బు, మందులు అన్నీ చూశాం కానీ ఆ మాట చెప్పలేదు.

ఇంకో బాధ. గ్రూపులో ఒకాయన "రొట్టెలో ఏదైనా పెడితే పీడ వదులుతుంది" అని రాశాడు. ఇద్దరు నవ్వే బొమ్మలు పెట్టారు.

నల్లకోటు_నాంపల్లి
స్క్రీన్‌షాట్ తీసి దాచండి. జంతువుని చంపడం, విషం పెట్టడం న్యాయ సంహిత 325 కింద నేరం, ఐదేళ్ళ దాకా శిక్ష. ఇప్పుడే పోలీసుల దాకా వెళ్ళకండి. సెక్రటరీకి చూపించి, గ్రూపులో ఆయన చేతే హెచ్చరిక పెట్టించండి.

బెజవాడ_సెక్రటరీ
అవును. నేనైతే ఆ క్షణమే పెడతాను. ఏ సెక్రటరీ అయినా అలాంటిది ఊరుకోకూడదు.

కర్నూలు_పశువైద్యుడు
కాటుక బయట నేల మీద పడింది ఏదీ తినకుండా సుబేదార్ గారి "వదిలెయ్" ముందు నేర్పండి. బుట్ట మజిల్ ఉంటే అక్కడా రక్షణే.

ఇద్దరు_పిల్లల_తల్లి
సుధ గారూ, మీరు వాళ్ళింటికి వెళ్ళి ఆ మాట చెప్పారని చదివాక నా మనసు కాస్త తేలికైంది. నాకెవరూ అలా చెప్పలేదు. కానీ నా ఓటు ఇప్పటికీ "పాప భయం పోయాకే" అన్న వైపే.

రామప్ప_రాయి
ఒక్క సందేహం. కాటుక అని పేరెవరు పెట్టారు?

సైనిక్‌పురి_సుధ
అత్తయ్య. కళ్ళ మీద గోధుమరంగు చుక్కలు, చుట్టూ నలుపు చూసి "కాటుక పెట్టుకుని వచ్చింది" అన్నారు. మీటింగ్‌కి ముందే ఒకాయన "పేరులోనే కాటు పెట్టుకున్నారు కదా" అన్నాడు. ఆరేళ్ళలో మాకెప్పుడూ తట్టలేదు!

రామప్ప_రాయి
దిష్టి తగలకుండా పెట్టేది కూడా కాటుకే అని చెప్పండి ఆయనకి.

సుబేదార్_సాబ్
ఆదివారం, 21 సెప్టెంబర్

ఈ రోజు వెళ్ళి చూశాను. కుక్క స్వభావం మంచిది. మనిషి మీద గురి పెట్టి ఉరికే గుణం లేదు. వెనక కాళ్ళు ముట్టుకోబోతే ఒళ్ళు బిగుస్తుంది, అది నొప్పి. నేను చూసింది ఇంతే, రేపు ఏం చేస్తుందని ఏ కుక్కకీ నేను హామీ ఇవ్వను. రోజూ పొద్దున ఆరింటికి వస్తాను. డబ్బుల మాట ఎత్తొద్దని చెప్పాను.

సైనిక్‌పురి_సుధ
ఆదివారం, 28 సెప్టెంబర్, రాత్రి

మీటింగ్ అయింది. అందరికీ వివరంగా రాయాలి కదా.

పదహారు ఫ్లాట్లవాళ్ళు వచ్చారు. లాయర్ గారు చెప్పినట్టు కాగితాలన్నీ ఒక ఫైల్లో పెట్టాం. కొత్త లైసెన్సు, టీకా, ఆపరేషన్, పది రోజుల సర్టిఫికెట్, ఎక్స్‌రే. కానీ మావారు ఫైలు తెరవకముందే లేచి నిలబడి, అందరి ముందూ పాప వాళ్ళ నాన్నకి క్షమాపణ చెప్పారు. ఆ తర్వాతే మేం చేయబోయేది చదివారు. గుమ్మం దాటితే మజిల్, పొట్టి గొలుసు. మా ఇద్దరిలో ఒకరు లేకుండా బయటికి రాదు. ఉన్నది ఒకటే లిఫ్ట్ కాబట్టి అందులో ఎవరైనా ఉంటే మేం ఆగుతాం. మా తలుపుకి బయట గ్రిల్ గేటు పెట్టించాం, రెండూ ఒకేసారి తెరవం. ఇతరులకు జరిగే నష్టం కూడా కలిసిన ఇన్సూరెన్స్ తీసుకుంటాం. ఈ బతుకమ్మ రోజుల్లో ఆడవాళ్ళు, పిల్లలు కింద ఆడుతున్నంత సేపూ కాటుకని కిందికి తేవడం లేదు, అది అందరూ చూస్తూనే ఉన్నారు.

గొడవ జరగలేదనను. ఒకాయన కేంద్రం లేఖ పట్టుకొచ్చాడు. మావారు అదే లేఖలో ఆపరేషన్ గురించి ఉన్న వాక్యం చదవమన్నారు. చదివాడు. ఇంకొకాయన "ఇవాళ మీకు సరే అంటే రేపు ఇంకొకరు పిట్‌బుల్ తెస్తారు" అన్నాడు. దానికి మా దగ్గర జవాబు లేదు.

అప్పుడు పాప వాళ్ళమ్మ లేచింది. "కుక్క వెళ్ళిపోవాలని నేనెప్పుడూ అడగలేదు. నా పేరు చెప్పి మీరే రాశారు. నాకు కావల్సింది నా కూతురు తన ఇంటి ముందు భయం లేకుండా నడవడం. గేటు పెట్టారు, చూశాను. మూడు నెలలు చూస్తాను" అంది. ఓటు మాత్రం ఎటూ వేయలేదు.

తొమ్మిది మంది ఉంచుకోవచ్చన్నారు, ఆరుగురు వద్దన్నారు. నోటీసు వెనక్కి తీసుకున్నారు. డిసెంబర్ చివర మళ్ళీ మాట్లాడతారు.

ఇంటికొచ్చాక అత్తయ్యకి ఇప్పుడు మొత్తం చెప్పాం. ఆమె మంచి చెయ్యి కిందికి వేలాడేసింది, కాటుక వచ్చి దాని కింద తల పెట్టింది. రోజూ చేసేదే.

బెల్‌ఫాస్ట్_బాబాయ్
ఇక్కడ సాయంత్రం. పనిలో ఉండగా చదివాను. పక్కసీటు అమ్మాయి ఏమైందని అడిగింది.

ఇద్దరు_పిల్లల_తల్లి
ఆవిడ చెప్పిన మాట నాదే అనిపించింది. మూడు నెలల తర్వాత పాప ఎలా ఉందో ఇక్కడ రాయండి. కుక్క గురించి కాదు, పాప గురించి.

సైనిక్‌పురి_సుధ
తప్పకుండా రాస్తాను అక్కా.

భీమిలి_అల
చాలా సంతోషం. మావారికి చదివి వినిపించాను.

ఓరుగల్లు_వీధి
సుబేదార్ గారూ, ఆ బుట్ట మజిల్ కొలత ఎలా తీసుకోవాలి? మా నల్లదానికి టీకా వేయించడానికి తీసుకెళ్ళాలి, మూతి కాస్త పొడవు.

సుబేదార్_సాబ్
ముక్కు కొన నుంచి కళ్ళ కింది దాకా పొడవు, నోరు కొంచెం తెరిచినప్పుడు మూతి చుట్టుకొలత. రెండూ టేపుతో తీసి ఇక్కడ పెట్టండి. పెరుగన్నం మర్చిపోకండి.